స్త్రీల వైపు గోడ

ఇంటి లోపలి గోడలు నునుపు చేయడానికి ఏ మిషను కొనాలి అని, పెయింటింగ్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. పని మానేసి బందరులో ఇంటిపట్టున కూర్చున్నవాడిని కాబట్టి నా దగ్గర తీరిక, దాంతోపాటు సలహా కూడా ఉంటాయని వాళ్ళ నమ్మకం. తీరిక ఉంది. సలహా మాత్రం ఒక్క మాటలో అయిపోతుంది. ఆ మాట మొదట నాతో అన్నవాడు మా బావమరిది. అందుకే దాన్ని ఒప్పుకోవడానికి నాకు ఆలస్యమైంది.

మా రోజుల్లో మిషన్లు లేవు. గోడకి లప్పం పట్టించి, ఆ తెల్లటి ముద్ద ఆరిన తర్వాత చెక్కముక్కకి గరుకు కాగితం చుట్టి రుద్దేవాళ్ళం. దాన్ని పేపరు కొట్టడం అంటాం. నా దగ్గర చాలా ఏళ్ళు పేపరు కొట్టిన మనిషి ఒకావిడ ఉండేది. ముఖానికి పాత చీరముక్క కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎడమ అరచెయ్యి గోడ మీద నడిపిస్తూ కుడిచేత్తో రుద్దేది. గోడని కళ్ళతో చూస్తే మోసపోతామని ఆమె అభిప్రాయం. నా లప్పం చేతిని ఆమె మెచ్చుకునేది. "మీ గోడకి సగం పేపరు చాలండి మేస్త్రి గారూ, మిగతా వాళ్ళ గోడలు నా భుజాలు తినేస్తాయి" అనేది. నాకు దొరికిన మెప్పుల్లో అది పెద్దది.

మా బావమరిది చదువు మధ్యలో ఆపేసి నా దగ్గరే పని నేర్చుకున్నాడు. లప్పం అతనికి పూర్తిగా పట్టుబడలేదు. లప్పం పట్టించే బద్ద లాగిన చోటల్లా సన్నటి గీతలు మిగిలేవి. నేను సరిదిద్దేవాణ్ణి. కొన్నాళ్ళకి వేరే పోయి సొంతంగా పని పట్టుకున్నాడు. బందరులో, గుడివాడలో గోడ రుద్దే మిషను గురించి మేమంతా వినడమే గాని చూడని రోజుల్లో ఒకటి తెచ్చాడు. పొడుగు మెడ, చివర తిరిగే పళ్ళెం, దాని చుట్టూ లైట్లు. నాకు వారం పట్టే పని అతను రెండు మూడు రోజుల్లో ముగించేవాడు. నాకు పని ఇచ్చే ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే అటు వెళ్ళారు. ముదినేపల్లిలో చేపల చెరువుల ఆసామి ఒకాయన మాత్రం మర్యాదకి ఫోన్ చేసి, "ఏమనుకోకండి మేస్త్రి గారూ, ఎటూ మీ ఇంటివాడే కదండీ" అన్నాడు. అదే కదా బాధ. బయటివాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

నా భార్యకి తమ్ముడంటే ప్రాణం. నేను పూర్తి చేసిన గోడ మీద చెయ్యి వేసి "బాగుందండీ" అనేది. తమ్ముడి గోడ మీద చెయ్యి వేసి "అబ్బా!" అనేది. ఆ రెండు మాటలకి మధ్య తేడా ఆమెకి తెలియదు. నాకు తెలుసు.

ఆమె పోయింది. దాని గురించి ఎక్కువ రాయను. ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడికలో మా బావమరిది లేచి, అక్క తనని ఎలా పెంచిందో చెప్పాడు. కూడికలో ఉన్నవాళ్ళంతా ఏడ్చారు. నన్ను మాట్లాడమంటే "వందనాలు" అని కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక నన్ను ఓదార్చడానికి వస్తున్నవాళ్ళు దారిలో అతని దగ్గర ఆగి, భుజం మీద చెయ్యి వేసి, అక్కడే ఉండిపోయారు. పనిలో నన్ను దాటిపోయాడంటే సరే. దుఃఖంలో కూడా నాకంటే ముందున్నాడు. ఆ సాయంత్రం నేను ఆమె గురించి కాకుండా అతని గురించి ఎక్కువ ఆలోచించాను. ఇది రాయడం బాగాలేదు గాని నిజం.

ఆమె పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక వైపు. బాప్తిస్మం తీసుకున్నది ఆ ఊరి చర్చిలోనే. మా వాళ్ళలో పోయినవారి జ్ఞాపకార్థం చర్చికి ఏదో ఒకటి ఇస్తారు. అక్కడ ఫ్యాను రెక్కల మీద పేర్లుంటాయి, బల్లల వీపుల మీద పేర్లుంటాయి, గోడగడియారం అద్దం మీద కూడా ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్నప్పుడు పేరు కనపడదు, ఆగినప్పుడు ఉక్క. నాకు అది ఇష్టం లేదు. ఏడాది తిరిగి జ్ఞాపకార్థ కూడిక వచ్చేలోగా చర్చి లోపలి గోడలన్నీ నునుపు చేసి రంగు వేసి ఇద్దామనుకున్నాను. గోడ మీద పేరు రాయరు. చేసింది ఎవరో నాకు తెలిస్తే చాలు. బహుశా ఆమెకీ.

నా బావమరిదికి ఈ ఆలోచన రాకముందే ఆ చర్చి సంఘ పెద్దని కలిశాను.

"చాలా సంతోషం అల్లుడు గారూ" అన్నాడాయన. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ ఊళ్ళో నేను అల్లుడు గారినే. "మనోడు కూడా వస్తాడుగా? మిషన్లవీ ఉన్నాయంట."

"మనోడు" అంటే మా బావమరిది.

"లేదండీ. నేనొక్కణ్ణే చేస్తాను."

"అదేంటండీ, అక్కకి తమ్ముడు చేసుకుంటానంటే..."

"అతన్ని వేరే ఏదైనా ఇచ్చుకోమనండి. గోడలు నావి."

కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. ఆయన సరే సరే అన్నాడు.

నా భుజం అప్పటికే అరిగిపోయింది. పేపరు కొట్టే ఆవిడకి కూడా మోకాళ్ళు సహకరించడం లేదు. అంత చర్చి చేత్తో రుద్దడం మా ఇద్దరి వల్లా కాదు. మిషను తప్పదు. బందరులో కొంటే అతనికి తెలుస్తుందని బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. అక్కడ పనిముట్ల షాపు ఒకటుంది. చెరువుల మోటార్లు, రొయ్యలకి గాలి కొట్టే ఏరేటర్లు, వాటి పక్కనే మా పనికొచ్చే మిషన్లు.

షాపాయన మర్యాదగానే అడిగాడు. "ఏ గోడకండీ? కొత్తదా, పాతదా?"

"చర్చి గోడ. పాతది."

"సున్నపు గచ్చు పూతా? చెమ్మ ఉందా? కింద నించి ఎంత ఎత్తుదాకా చేస్తారు?"

నేను ఆ ప్రశ్నలకి సరిగ్గా జవాబు చెప్పలేదు. నా దృష్టి ఇంకో విషయం మీద ఉంది. "బందరు నించి మీ దగ్గరికి వచ్చి కొనే పెయింటర్లున్నారా?" అన్నాను.

"ఎందుకు లేరండీ?" అని ఒక పేరు చెప్పాడు. మా బావమరిది పేరే. మా ఇంటివాడేనని నోరు జారాను. "మొన్ననే ఈ చిన్నది పట్టుకెళ్ళారు."

షాపాయన చూపించింది అరచేతిలో పట్టేంత మిషను. అడుగున మెత్తటి స్పాంజి, వెనక అంకెలున్న బిళ్ళ. ఆ బిళ్ళ తిప్పితే వేగం తగ్గుతుంది, పెరుగుతుంది. ఆడపిల్లల ఆటవస్తువులా కనిపించింది.

"దీనికంటే పెద్దది ఏముంది?"

"పెద్దదంటే ఇదిగోండి. మోటారు దిట్టంగా ఉంటది, పొడుగు మెడ. అయితే దీనికి స్పీడు తగ్గించటం ఉండదండీ. ఆన్ చేస్తే ఒకటే పరుగు."

"తగ్గించుకోవడం ఎందుకండీ, పని చెయ్యటానికి కొంటుంటే?"

ఆయన నవ్వాడు. ఏరేటరు కొనడానికి వచ్చిన రైతు ఒకాయన పక్కనే ఉన్నాడు. "అంతే కదండీ, మోటారు పెద్దదే తీసుకోవాల. మళ్ళీ మళ్ళీ కొంటామా" అని నన్ను బలపరిచాడు. మా వైపు అలవాటు అది. చెరువుకైనా బియ్యం మిల్లుకైనా మోటారు బలం చూసే కొంటాం. నేనూ అలాగే కొన్నాను.

చర్చిలో మొదటి రోజులు గొప్పగా నడిచాయి. వేదిక వెనక గోడ ఈమధ్య కట్టింది, సిమెంటు పూత గట్టిది. నా లప్పం మీద ఆ మిషను తిరుగుతుంటే రాలే పొడి దాని సంచిలోకి పోతోంది. గోడ నిజంగానే అద్దంలా వచ్చింది. పురుషుల వైపు గోడ కూడా బాగానే కుదిరింది.

పేపరు కొట్టే ఆవిడ చెవుల మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇదేంటండీ మేస్త్రి గారూ, విమానం లేస్తున్నట్టు అరుస్తంది?"

"అరిస్తే అరిచింది, గోడ చూడు."

ఆమె కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమింది. "బాగానే ఉంది" అని, కాస్త ఆగి, "మీ బావమరిది గారికి చూపిస్తారా?" అంది.

"ఎందుకు చూపించాలి?"

"ఆయనకి చూపించటానికే కదా ఇదంతా" అంది. అని తడిగుడ్డ పిండుకుంటూ అవతలికి వెళ్ళింది.

మిగిలింది స్త్రీల వైపు గోడ. మన పల్లె చర్చిల్లో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుంటారు. ప్రసంగం సాగేకొద్దీ గోడ దగ్గరున్నవాళ్ళు దానికి తల ఆనిస్తారు. అలా ఎన్ని తరాల తలలో ఆనిన గుర్తుగా, కూర్చున్న మనిషి తల ఎత్తులో, ఆ గోడ పొడుగునా నల్లటి పట్టీ ఉంది. నూనె మరక. పై నుంచి ఎన్నిసార్లు సున్నం కొట్టినా మళ్ళీ పైకి తేలేది. నేను దాన్ని మురికి అనుకున్నాను. సోడా నీళ్ళతో కడిగించి, ఆరబెట్టి, లప్పం పట్టించాను. ఆరాక మిషను పెట్టాను.

పట్టీ పైన గోడ బాగానే వచ్చింది. పట్టీ మీదికి రాగానే పళ్ళెం పట్టేసినట్టయింది. లప్పం పొడిగా రాలకుండా, మైనంలా ఉండలు కట్టింది. కాగితం నిండా గోధుమరంగు జిగురు. పాత సున్నపు గచ్చు లోపలిదాకా నూనె తాగి ఉంది. మిషను వేగానికి గోడ వేడెక్కి ఆ నూనె మళ్ళీ కరిగింది. అప్పుడు వాసన వచ్చింది. మొదట కొబ్బరినూనె. దాని అడుగున ఆముదం, ఎండిన పూలు, ఆదివారం పొద్దున తలదువ్వుకుని వచ్చిన ఆడవాళ్ళ వాసన. చర్చిలో నేనూ పేపరు కొట్టే ఆవిడా తప్ప ఎవరూ లేరు. చర్చి నిండా మనుషులు వచ్చి కూర్చున్నట్టు ఉంది.

మిషను ఆపాను. ఆవిడ ముఖానికున్న చీరముక్క కిందికి లాగి, "అమ్మగారు తల దువ్వుకున్నట్టు లేదూ?" అంది. నా భార్య ఈమెకి ఏళ్ళ తరబడి అన్నం పెట్టింది.

అక్కడ ఆపేసి ఆలోచించాల్సింది. నేను కాగితం మార్చి ఇంకా గట్టిగా నొక్కాను. బలం చాలక కాదు, ఎక్కువై ఆగుతోందని తట్టలేదు. లప్పం పోయింది, దాని కింద సున్నం పోయింది, గచ్చు కూడా లేచింది. సాయంత్రం ఎండ కిటికీల్లోంచి గోడ వెంబడి ఏటవాలుగా పడినప్పుడు చూస్తే, గోడ పొడుగునా పంటకాలవ తవ్వినట్టు గాడి.

సంఘ పెద్ద అప్పుడే వచ్చాడు. "అల్లుడు గారూ, గోడేంటండీ ఇట్టా లోతుకి పోయింది?"

"సరిచేస్తానండి."

"ఆదివారమే కూడిక."

"తెలుసండి."

ఆయన బయటికి వెళ్ళి ఫోన్ చేశాడు. ఎవరికి చేశాడో నాకు చెప్పనక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే మా బావమరిది చల్లపల్లి మీదుగా బండి మీద వచ్చాడు. చేతిలో సిమెంటు సంచి, అందులో ఆ చిన్న మిషను. నన్ను పలకరించక ముందే గోడ దగ్గరికి వెళ్ళాడు. గాడిలో వేలు పెట్టి, ఆ వేలు వాసన చూశాడు. తర్వాత మూలన ఉన్న నా పెద్ద మిషను వైపు చూశాడు.

"గుడివాడలో కొన్నావంటగా బావా?"

"ఎవరు చెప్పారు?"

"షాపాయన. మీ బావగారు వచ్చి మీరు కొన్నదానికంటే పెద్దది అడిగారు అన్నాడు." నవ్వు ఆపుకుంటున్నాడు. "గోడని చూసి మిషను కొనాలి గానీ, నన్ను చూసి కొంటే ఎట్టా బావా?"

మీకు నేను చెప్పే సలహా ఇదే. నేను కనిపెట్టింది కాదు. గోడని చూసి కొనండి.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు వెళ్ళు. ఈ గోడలు నావి. మీ అక్క కోసం నేను చేస్తున్నాను."

"నీకు భార్య అయితే నాకు అక్క కాదా?"

"నీకు అన్నీ ఉన్నాయి కదయ్యా. పనులున్నాయి, జనం ఉన్నారు, ఆదరణ కూడికలో నీకు మాటలు కూడా ఉన్నాయి. ఇదొక్కటి నాకు వదిలెయ్."

పేపరు కొట్టే ఆవిడ బకెట్టు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

"నాకు అన్నీ ఉన్నాయా?" అన్నాడు అతను. "నేను మిషను ఎందుకు కొన్నానో తెలుసా నీకు? నీ లప్పం చెయ్యి నాకు రాలేదు. నా గోడకి రుద్దుడు ఎక్కువ. మిషను లేకపోతే నా గోడని ఎవడు చూస్తాడు? అక్క కూడా అనేది, మీ బావ చెయ్యి నీకు రాదురా అని. ఎన్నిసార్లు అందో."

ఆమె నాతో ఎప్పుడూ అనలేదు ఆ మాట. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆమె నా గురించి అన్న మంచి మాట కూడా అతని దగ్గరే ఉంది. పైగా అంత మాట ఒప్పుకోవడం అతనికి అంత తేలికగా వచ్చింది. దానికి కూడా అసూయపడ్డాను.

"లప్పం నువ్వు పట్టు. రుద్దటం నేను చూస్తాను" అన్నాడు. చొక్కా విప్పి కిటికీ ఊచకి తగిలించాడు. నేను ఒప్పుకున్నానని అనలేదు. కాదని కూడా అనలేదు.

నూనె తాగిన గచ్చుని బద్దతో గీకి తీశాం. వేడినీళ్ళతో కడిగాం. ఆరాక నూనె మళ్ళీ పైకి రాకుండా ముందు ఆయిల్ ప్రైమరు కొట్టాం. అది నేను ముందే చేయాల్సింది, మిషను మోజులో వదిలేశాను. గాడి పూడ్చాక పలచగా లప్పం పట్టించాను. బాగా వచ్చింది. నా చెయ్యి అప్పటికి ఇంకా ఉంది.

శనివారం అతను చిన్న మిషను తీశాడు. అంకెల బిళ్ళ బాగా తగ్గించి, గోడ మీద దాదాపు బరువు వేయకుండా తిప్పుతున్నాడు. కూనిరాగం తీస్తున్నట్టుంది దాని చప్పుడు. నేను బల్బు గోడకి ఆనించి పట్టుకున్నాను, మిట్ట ఉంటే నీడ పడుతుందని. అలా జరుగుతూ మూడో కిటికీ కిందికి వచ్చేసరికి అతను మిషను ఆపాడు.

"అక్క చోటు" అన్నాడు.

"ఏది?"

"ఇక్కడే కూర్చునేది, అమ్మ పక్కన. నేను ఒళ్ళో. పాస్టరు అయ్యగారు ప్రసంగం మొదలెట్టగానే గోడకి తల ఆనించి నిద్రపోయేది బావా! నేను గిల్లితే, నిద్రలోనే 'ఆమేన్' అనేది. ఒకసారి ఆయన మధ్యలో ఊపిరి పీల్చుకోటానికి ఆగితే గట్టిగా అనేసింది. చర్చంతా నవ్వారు."

నేను ఆమెతో బతికిన కాలమంతా బందరు చర్చిలో ఆమె కుర్చీలో నిటారుగా కూర్చునేది. వాక్యం వింటూ కాగితం మీద రాసుకునేది. నాకు తెలిసిన మనిషి ప్రసంగంలో నిద్రపోదు. గోడకి తల ఆనించి, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోయే ఆ అమ్మాయిని నేను ఎన్నడూ చూడలేదు. ఆమె నాకు దొరకదు కూడా. అతనికి ఉంది. మిషను, పనులు, పేరు వీటన్నిటికీ పడ్డ అసూయ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"ఇటివ్వు" అన్నాను.

"నీకు దీని అలవాటు లేదు బావా."

"ఇవ్వవయ్యా."

ఇచ్చాడు. "రెండో నంబరు దాటించకు. నొక్కకు. అదే తిరుగుతది, నువ్వు ఊరికే పట్టుకో."

మూడో కిటికీ కింద గోడ నేను రుద్దాను. అతను బల్బు పట్టుకున్నాడు. అరచేతి కింద మిషను మెత్తగా వణుకుతోంది. పొడి సన్నగా, తెల్లగా రాలింది. గోడ చల్లగానే ఉంది. మొన్నటి వాసన మళ్ళీ వస్తుందేమోనని నేను ముఖం దగ్గరగా పెట్టాను. రాలేదు. పనికి తగిన మిషను గోడని వేడెక్కించదు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆ రాత్రికి రంగు కూడా వేసేశాం. ఆదివారం కూడికకి చర్చి నిండింది. లేత రంగు గోడలు కిటికీల వెలుగులో ఎక్కడా నీడ లేకుండా ఉన్నాయి. ఆడవాళ్ళు లోపలికి వస్తూనే గోడ మీద చెయ్యి వేసి చూశారు. ఒకావిడ "అబ్బా!" అంది. నేను విన్నాను. అది ఎవరి పనికి అందో తెలుసుకోవడానికి వీల్లేకుండా పోయింది, గోడ ఇద్దరిదీ.

ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద ప్రకటనలు చదివాడు. మా ఇద్దరికీ వందనాలు చెప్పాడు. మనోడు, అల్లుడు గారు, ఆ వరసలోనే. తర్వాత స్త్రీల వైపు తిరిగి, "అమ్మా, ఒక మనవి. గోడలు కొత్తగా చేయించారు. దయచేసి ఎవరూ తలలు ఆనించొద్దు. చాపలు కొంచెం ముందుకి వేసుకోండి" అన్నాడు.

ఆడవాళ్ళు విధేయంగా ముందుకి జరిగారు. గోడకీ వాళ్ళకీ మధ్య ఖాళీ ఏర్పడింది. మూడో కిటికీ కింద ఎవరూ లేరు. నాకు గొంతులోకి ఒక మాట వచ్చింది. బల్ల పట్టుకుని సగం లేచాను. మాట కూడా సిద్ధంగా ఉంది.

మా బావమరిది అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఆననివ్వండి పెద్దయ్య గారూ" అన్నాడు. "మా అక్క ఆనుకున్న గోడే కదా. మరకైతే మళ్ళీ చేసుకుంటాం, నేనూ మా బావా."

ఎవరో ఆమేన్ అన్నారు. తర్వాత చర్చంతా అంది. నేను కూడా అన్నాను, లేచినవాణ్ణి లేచినట్టే నిలబడి. ఆడవాళ్ళు నవ్వుకుంటూ చాపలు వెనక్కి జరుపుకున్నారు. ఒక ముసలామె ముసుగు సర్దుకుని, తల గోడకి ఆనించి, ప్రసంగం మొదలవకముందే కళ్ళు మూసుకుంది.

ఆ పని తర్వాత నేను పని మానేశాను. పెద్ద మిషను ఎవరికో ఇచ్చేశాను. బావమరిది ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం బందరులో మా ఇంటికి వచ్చి, తను చేస్తున్న గోడల గురించి చెబుతాడు. నేను వింటాను. మధ్యలో అక్క మాట ఏదో ఒకటి, నాకు తెలియనిది, అతని నోట్లోంచి వస్తుంది. నాకు తెలిసిన ఇంకో మాట వెంటనే నేను చెబుతాను. అతను దానికి పైన మరొకటి చెబుతాడు. ఆ రోజు చర్చిలో నేను అనాల్సిన మాట అతను ముందే అన్నందుకు నా కుళ్ళు ఇంకా పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు. ఆమె గురించి నాతో పోటీ పడే మనిషి ఇప్పుడు అతనొక్కడే.